నెట్ ఆగితే తప్పు అత్తయ్య సీరియల్‌దేనా?

బెంగళూరు రామమూర్తి నగర్ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. సారాంశం ఇది.

వాళ్లది మదనపల్లె దగ్గర ఊరు. పెళ్లయి తొమ్మిదేళ్లు, ఆరేళ్ల బాబు. రెండో అంతస్తులో డబుల్ బెడ్‌రూమ్ అద్దె ఇల్లు. ఆమెది మెడికల్ బిల్లింగ్‌లో ఏఆర్ కాలింగ్ ఉద్యోగం. సాయంత్రం ఆరున్నర నుంచి అర్ధరాత్రి దాటేదాకా ఇంటి నుంచే అమెరికా ఇన్సూరెన్స్ కంపెనీలకు ఫోన్ చేసి, ఆగిపోయిన క్లెయిముల సంగతి కనుక్కోవాలి. "నలభై నిమిషాలు హోల్డ్‌లో మ్యూజిక్ విన్నాక అవతల మనిషి దొరుకుతుంది. పేషెంట్ పేరు, పుట్టిన తేదీ చెప్పేలోపే నా గొంతు ముక్కలు ముక్కలుగా పోతుంది. రెండుసార్లు హలో హలో అని పెట్టేస్తారు. మళ్లీ నలభై నిమిషాలు."

ఈ బాధ ఏడింటికి మొదలై పదింటికి తగ్గుతుందట. ఏడింటికే అత్తగారు టీవీలో యాప్ పెట్టుకుని సీరియల్స్ చూస్తారు. పది రోజుల క్రితం ఈమె ఓపిక నశించి, భర్త ముందే "నెట్టంతా మీ టీవీకే పోతోంది" అని టీవీ కట్టేశారు. ఆ రోజు నుంచి ఆవిడ రిమోట్ ముట్టుకోలేదు. సాయంత్రం కాగానే కిందికి దిగి, ఓనరమ్మతో కలిసి మెట్ల మీద అనపకాయలు ఒలుస్తూ కూర్చుని, తొమ్మిదిన్నరకు వచ్చి పడుకుంటున్నారు. "టీవీ ఆపిన మొదటి రెండు రోజులు కాల్స్ బాగానే వెళ్లాయి. తర్వాత మళ్లీ మామూలే" అని రాశారు.

కనెక్షన్ ఇచ్చింది ఇంటి ఓనర్ బామ్మర్ది. 50 ఎంబీపీఎస్ (సెకనుకు 50 మెగాబిట్ల వేగం) ప్లాన్. టీవీ కేబుల్ లాంటి లావుపాటి నల్ల వైరు, మర తిప్పి బిగించే పిన్ను. స్పీడ్ టెస్ట్ చేస్తే డౌన్‌లోడ్ (ఇంట్లోకి వచ్చే వేగం) 38, అప్‌లోడ్ (ఇంట్లోంచి పైకి వెళ్లే వేగం) 3 వచ్చాయి. ఫిర్యాదు చేస్తే 200 ఎంబీపీఎస్ ప్లాన్‌కు మారమంటున్నాడు, భర్త కూడా సరే అంటున్నారు. ఈమెకు మాత్రం పక్క వీధిలో వేస్తున్న వేరే కంపెనీ ఫైబర్ (రాగికి బదులు సన్నటి గాజు తీగ) కావాలని ఉంది. ఓనర్ "గోడలు తొలిచేదానికి లేదమ్మా" అన్నాడు. కరెంటు పోతే ఇంట్లో యూపీఎస్ ఉన్నా నెట్ పోతుందట, అదో అదనపు తలనొప్పి. నెలాఖరులోగా బాగుచేసుకోకపోతే ఎలక్ట్రానిక్ సిటీ ఆఫీసుకు రమ్మని మేనేజర్ చెప్పేశాడు. "ఫైబర్ వేయించుకుంటే ఇదంతా పోతుందా? ఓనర్‌ని ఎలా ఒప్పించాలి? లేక ఉద్యోగం మానేయాలా?" అన్నవి ఆమె ప్రశ్నలు.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నేనూ మీలాగే టీవీనే అనుమానించాను. రెండోసారి చదువుతుంటే మీరు వేరే సందర్భంలో రాసిన రెండు ముక్కలు కంటికి తగిలాయి. ఒకటి: మీవారు ఇంటీరియర్ పనుల సూపర్‌వైజర్, "రోజూ సైట్‌లో వీడియోలు తీసి కస్టమర్లకు పంపడమే ఆయనకు సరిపోతుంది, ఏడింటికి ఇల్లు చేరతారు." రెండోది, టీవీ గొడవ గురించి రాస్తూ అన్న మాట: "మర్నాడు ఆయన మైసూరు సైట్‌కి వెళ్లి రెండు రోజులు రాలేదు, అందుకే ఆ రెండు రోజులూ ఇంట్లో మాటామంతీ లేదు."

కాల్స్ బాగా వెళ్లిన రెండు రోజులూ అవే కదా?

ఏడింటికి ఇంట్లో రెండు జరుగుతున్నాయి. అత్తయ్య టీవీ పెడతారు, మీవారి ఫోన్ వచ్చి వైఫై పట్టుకుంటుంది. టీవీ గోడ మీద వెలుగుతూ మోగుతూ ఉంటుంది కాబట్టి నింద దాని మీద పడింది. జేబులో ఉన్న ఫోన్ ఏం చేస్తుందో ఎవరికీ కనబడదు. ఫొటోలు, వీడియోలు ఆన్‌లైన్‌లో దాచే బ్యాకప్ మామూలుగా వైఫై దొరికేదాకా ఆగుతుంది. పొద్దుటి నుంచి పోగైనవన్నీ ఇంటి వైఫై తగలగానే పైకి ఎక్కించడం మొదలుపెడుతుంది.

లెక్క చూడండి. ఫుల్ హెచ్‌డీలో తీసిన వీడియో చాలా ఫోన్లలో నిమిషానికి దాదాపు 100 ఎంబీ ఉంటుందనుకోండి. ఐదు నిమిషాలది 500 ఎంబీ. నెట్ వేగాన్ని బిట్లలో చెబుతారు, ఫైళ్లను బైట్లలో కొలుస్తారు, బైటుకు ఎనిమిది బిట్లు. అంటే 4000 మెగాబిట్లు. మీ అప్‌లోడ్ 3 ఎంబీపీఎస్. ఆ ఒక్క వీడియో ఎక్కడానికే దారంతా ఆక్రమించుకుని 22 నిమిషాలు పడుతుంది. రోజుకు అలాంటివి ఆరేడు ఉంటే ఏడు నుంచి తొమ్మిది దాటేదాకా మీ గొంతు వెళ్లాల్సిన సందులో లారీ అడ్డంగా నిలబడినట్టే.

అత్తయ్య సీరియల్ వచ్చేది డౌన్‌లోడ్ దారిలో. హెచ్‌డీ నాణ్యతతో చూసినా 5 ఎంబీపీఎస్ చాలు. మీకు వస్తున్నది 38. ఆవిడ రెండు టీవీలు పెట్టుకున్నా మీ కాల్‌కు ఇరుకు రాకూడదు. ఇక మీ కాల్‌కు ఎంత కావాలో తెలిస్తే ఆశ్చర్యపోతారు: ఒక్కో వైపు దాదాపు 100 కేబీపీఎస్, అంటే 0.1 ఎంబీపీఎస్. మీకు కరువైనది వేగం కాదు, అడ్డం లేని దారి. గొంతు చిన్న చిన్న ముక్కలుగా వెళ్తుంది, ఆ ముక్కలు సమయానికి వరసగా చేరాలి. ఆలస్యంగా చేరిన ముక్కను అవతలి సాఫ్ట్‌వేర్ పారేస్తుంది. అమెరికాకు వెళ్లి రావడానికే 200 మిల్లీసెకన్ల పైన పడుతుంది, దానికి మీ ఇంటి గుమ్మంలోనే ఆ వీడియో వెనక వరసలో ఆగి ఇంకో 400 కలిస్తే మాట ఎలా నిలుస్తుంది?

ఇదంతా నా ఊహ. మీ ఇంట్లో కూర్చుని చూడలేదు కాబట్టి తేల్చి చెప్పలేను, కానీ మూడు రాత్రుల్లో మీరే తేల్చుకోవచ్చు. మొదటి రాత్రి టీవీ ఆన్‌లో పెట్టి, మీవారి ఫోన్‌లోనూ మీ ఫోన్‌లోనూ వైఫై కట్టేసి కాల్స్ చేయండి. రెండో రాత్రి తలకిందులు చేయండి: ఫోన్లకు వైఫై ఇచ్చి, టీవీ ఆపండి. మూడో రాత్రి లాప్‌టాప్‌ను లాన్ వైరుతో నేరుగా రూటర్‌కు కలిపి, మిగతావన్నీ మామూలుగా వదిలేయండి. లాప్‌టాప్‌కు ఆ పోర్టు లేకపోతే యూఎస్‌బీ అడాప్టర్ కొన్ని వందలకే దొరుకుతుంది, కానీ ఆఫీసు లాప్‌టాప్ కాబట్టి వాళ్లను అడిగి పెట్టండి. రోజూ ఎనిమిదింటికి రూటర్ పక్కన నిలబడి ఫోన్‌తో ఒక స్పీడ్ టెస్ట్ చేసి స్క్రీన్‌షాట్ దాచండి, ఆ కాసేపటికి మాత్రం ఆ ఫోన్‌కు వైఫై ఇవ్వండి. కొన్ని యాప్‌లలో పింగ్ (సంకేతం వెళ్లి రావడానికి పట్టే సమయం) మూడు అంకెలుగా వస్తుంది: ఖాళీగా ఉన్నప్పుడు, డౌన్‌లోడ్ జరుగుతున్నప్పుడు, అప్‌లోడ్ జరుగుతున్నప్పుడు. ఆ మూడోది మొదటిదానికి పది రెట్లు ఉంటే జబ్బు ఎక్కడుందో తెలిసినట్టే.

మూడో రాత్రి ఎందుకంటే, వైఫై వేరు, లైను వేరు. మీ రూటర్ హాల్లో టీవీ వెనకాల, మీరు బెడ్‌రూమ్‌లో, మధ్యలో గోడ, గోడకు ఆనించి ఇనప బీరువా. ఇనుము వైఫైని ఆపేస్తుంది. నేను ఒకసారి ప్లాన్ రెండింతలు చేసి, మూడు నెలలు ఎక్కువ బిల్లు కట్టి, చివరికి బీరువా జరిపితే బాగుపడినవాణ్ణి, కాబట్టి ఈ విషయంలో నాకు కాస్త అనుభవం ఉంది. లాన్ వైరుతో కాల్స్ శుభ్రంగా వెళితే మీకు కావలసింది ఫైబర్ కాదు, పదిహేను మీటర్ల వైరు.

ఫోనే దోషి అని తేలితే మందు ఉచితం. బ్యాకప్‌ను మీవారు పడుకునేటప్పుడో, పొద్దున్నో చేతితో పెట్టుకోవాలి. కొన్ని రూటర్లలో ఒక్కో పరికరానికి అప్‌లోడ్ హద్దు పెట్టే వీలుంటుంది, ఉంటే ఆయన ఫోన్‌కు 1 ఎంబీపీఎస్ పెట్టండి. కానీ ఇంట్లో మరో ఫోన్ వచ్చిన రోజు, పండక్కి మీ తమ్ముడు వచ్చిన రోజు మళ్లీ ఇదే తంతు. 3 ఎంబీపీఎస్ అప్‌లోడ్ మీద ఒక ఉద్యోగం ఆనుకుని ఉండటం ఎలాగూ క్షేమం కాదు. అందుకని ఫైబర్ ఆలోచన తప్పని నేననను, కారణం మాత్రం మారాలి.

మీరు వర్ణించిన నల్ల వైరు పాత టీవీ కేబుల్ జాతిదే, లోపల రాగి తీగ. అందులో అప్‌లోడ్‌కు కేటాయించిన దారి మొదటి నుంచీ సన్నం, దాన్నే వీధిలో పదుల ఇళ్లు పంచుకుంటాయి. ఎవరి ఇంట్లో పిన్ను వదులైనా, వానకు తుప్పుపట్టినా ఆ రొద అప్‌లోడ్ దారిలో అందరి నెత్తిన పడుతుంది. పైగా స్తంభాల మీద సిగ్నల్ పెంచే యాంప్లిఫయర్లు ఉంటాయి, వాటికి కరెంటు కావాలి. మీ ఇంట్లో యూపీఎస్ ఉన్నా నెట్ పోయేది అందుకే అయి ఉండాలి.

ఇంటిదాకా వచ్చే ఫైబర్ సంగతి వేరు. మన దగ్గర ఎక్కువగా వేసే పద్ధతిలో ఒక లైను 2.5 జీబీపీఎస్ (ఒక జీబీపీఎస్ అంటే వెయ్యి ఎంబీపీఎస్) కిందికి, 1.25 జీబీపీఎస్ పైకి మోస్తుంది, దాన్ని 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. పంచే స్ప్లిట్టర్ ఉత్త గాజు ముక్క, దానికి కరెంటు అక్కర్లేదు. కంపెనీ వైపు బ్యాటరీ ఉండి, మీ రూటర్‌కు చిన్న 12 వోల్టుల యూపీఎస్ ఉంటే వీధంతా చీకటైనా మీ కాల్ నడుస్తుంది. గాజు కాబట్టి పిడుగుపాటుకు వైరు గుండా కరెంటు దూకి పోర్టు కాలిపోయే భయమూ తక్కువ. ఒక్క మెలిక ఉంది. "ఫైబర్" అని అమ్మేవన్నీ ఇంట్లోకి వచ్చే ఫైబర్లు కావు. కొందరిది అపార్ట్‌మెంట్ డాబా మీది డబ్బా దాకా ఫైబర్, అక్కడి నుంచి రాగి లాన్ వైరు. ఆ డబ్బాకు కరెంటు పోతే మీ కథ మొదటికే. "వైరు ఇంటి లోపలికి ఫైబర్‌గానే వస్తుందా?" అని ముందే అడగండి.

ఇప్పుడు ఓనర్ బామ్మర్ది 200 ఎంబీపీఎస్ ప్లాన్ గురించి. అదే నల్ల వైరు మీద అయితే నేను ఒప్పుకోను. డౌన్‌లోడ్ నాలుగింతలు అవుతుంది, అప్‌లోడ్ మూడో నాలుగో దగ్గరే ఉండిపోవచ్చు. అతన్ని ఒకే ప్రశ్న అడగండి, అదీ వాట్సాప్‌లో, రాతపూర్వకంగా: "అప్‌లోడ్ ఎంత ఇస్తారు?" జవాబు వస్తే దాన్నిబట్టి ఆలోచించండి. రాకపోతే అదే జవాబు.

అతన్నే ఫైబర్‌గా మార్చమని అడగడం ఇంకో దారి, నాకు ముందుగా నచ్చేది కూడా ఇదే. చాలామంది కేబుల్ ఆపరేటర్లు ఇప్పుడు ఏదో ఒక కంపెనీ ఫైబర్‌కు ఫ్రాంచైజీ తీసుకుంటున్నారు, బీఎస్ఎన్ఎల్ ఫైబర్ కూడా చాలాచోట్ల స్థానిక ఆపరేటర్ల చేతుల మీదుగానే ఇళ్లకు వస్తోంది. ఓనర్‌కు బంధుత్వం చెడదు, గోడ తొలిచేది సొంత మనిషి కాబట్టి అభ్యంతరమూ ఉండదు. నష్టం ఏమిటంటే పని ఎప్పుడవుతుందో అతని చేతిలో ఉంటుంది, మీకు నెలాఖరు గడువు ఉంది. వారం రోజులు గడువిచ్చి చూడండి. బిల్లు లైసెన్సున్న ఏ కంపెనీ పేరున వస్తుందో కూడా గమనించండి. కంపెనీ బిల్లు ఉంటే ఫిర్యాదు నంబరు తీసుకోవచ్చు, తీరకపోతే ఆ కంపెనీ అప్పీలు అధికారికి రాయవచ్చు, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నియమాల్లో ఆ ఏర్పాటు ఉంది. ఒక్కొక్కరి ఫిర్యాదును ట్రాయ్ నేరుగా తీర్చదు. బిల్లే లేకపోతే ఇవేవీ లేవు.

అతని వల్ల కాకపోతే పక్క వీధి కంపెనీ. ఇక్కడ ఓనర్‌తో మాట తప్పదు. మీరు ఇప్పటిదాకా "ఫైబర్ వేయించుకుంటాం" అని అడిగారు, ఆయనకు వినిపించింది "మీ బామ్మర్ది కనెక్షన్ తీసేస్తాం, మీ గోడకు కన్నం పెడతాం" అని. రెండు భయాలనూ విడదీయండి. కన్నం అక్కర్లేదు: ఫైబర్ వైరు సన్నగా ఉంటుంది, ఏసీ పైపు పోయే కన్నంలోంచో, కిటికీ ఫ్రేము మూలలోంచో పట్టేస్తుంది. అది ఆయనకు వేలు పెట్టి చూపించండి. పాత కనెక్షన్ వెంటనే తీయబోమని, టీవీ కోసం చిన్న ప్లాన్ మీద ఉంచుతామని చెప్పండి. నెలకు కొన్ని వందలు ఎక్కువే, కానీ ఎలక్ట్రానిక్ సిటీకి రాత్రిపూట పోయి రావడం కంటే చవకే.

ఈ మాట అడగడానికి మీరు వెళ్లకండి, మీవారూ వద్దు. పది రోజులుగా ఓనరమ్మ పక్కన మెట్ల మీద కూర్చుని అనపకాయలు ఒలుస్తున్న మనిషి మీ ఇంట్లోనే ఉన్నారు. మీ అత్తయ్య అడిగితే పడే పని అది. ఆవిడకు ఈపాటికి ఓనర్ ఇంటి సంగతులు మీకంటే ఎక్కువ తెలిసి ఉంటాయి.

కానీ అంతకంటే ముందు ఆవిడ దగ్గర మీకో పని ఉంది. మొదటి పరీక్ష రాత్రి టీవీ ఆన్‌లో ఉండాలి కదా, ఆ రిమోట్ మీరే తీసుకెళ్లి ఆవిడ చేతికివ్వండి. "నాదే పొరపాటేమో అత్తయ్యా, చూద్దాం, మీరు మీ సీరియల్ పెట్టుకోండి" అంటే చాలు. పెద్ద క్షమాపణ అయితే ఆవిడే ఇబ్బంది పడతారు. ఇంకో జాగ్రత్త: దోషి ఫోనే అని తేలినా "చూశారా, మీ అబ్బాయి ఫోనే" అని ఆవిడ ముందు అనకండి. మీరు భర్త ముందు అత్తగారిని అన్నారు, ఇప్పుడు అత్తగారి ముందు భర్తను అంటే మెట్ల మీద కూర్చునేవాళ్ల సంఖ్య పెరుగుతుంది. ఆయనతో విడిగా, స్క్రీన్‌షాట్లు చూపించి మాట్లాడండి. వీడియోలు ఆయన ఉద్యోగం, కాల్స్ మీ ఉద్యోగం. అక్కడ తప్పు చేసినవాళ్లు లేరు, సన్నటి వైరు ఉంది.

ఓనర్ ససేమిరా అంటే 5జీ మీద నడిచే ఎయిర్ ఫైబర్ ఉంది. జియో దీన్ని 2023 సెప్టెంబరులో మొదలుపెట్టిన ఎనిమిది నగరాల్లో బెంగళూరు ఒకటి, ఎయిర్‌టెల్ కూడా అదే ఏడాది తెచ్చింది. వీధి వైరు ఉండదు, బాల్కనీలోనో డాబా మీదో పెట్టె బిగిస్తారు, డాబా అయితే మళ్లీ ఓనరే. సిగ్నల్ బాగుంటే మీ పనికి సరిపోతుంది. కానీ టవర్ మీద రద్దీనిబట్టి పింగ్ ఊగుతుంది, అదీ సాయంత్రాలే. మీ బాల్కనీలో రాత్రి ఎనిమిదింటికి 5జీ ఫోన్‌తో టెస్ట్ చేసి చూసి గానీ డబ్బు కట్టకండి.

ఉద్యోగం మానేసే మాట ఇప్పుడే ఎందుకు? ఈలోపు గడిచే మార్గం మీ చేతిలోనే ఉంది. కాల్‌కు పట్టేది ఇందాక చెప్పానుగా, రెండు వైపులా కలిపి 0.2 ఎంబీపీఎస్. ఎనిమిది గంటలు ఆగకుండా మాట్లాడినా కాల్ వరకు 1 జీబీ దాటదు. రిమోట్ స్క్రీన్ మీద పని అయితే ఇంకొంత. ఏడు నుంచి పది దాకా ఫోన్‌ను యూఎస్‌బీ వైరుతో లాప్‌టాప్‌కు కలిపి ఆ నెట్ వాడండి, రోజుకు 2 జీబీ ఇచ్చే రీచార్జ్ చాలావరకు సరిపోతుంది. ఫోన్ నెట్ వాడొచ్చో లేదో ఆఫీసు ఐటీ వాళ్లను అడగండి. మేనేజర్‌కు "నెట్ సమస్యండీ" అని కాకుండా మూడు రాత్రుల స్క్రీన్‌షాట్లు, ఫైబర్ బుక్ చేసిన రసీదు పంపండి. తేదీ చెప్పి గడువు అడిగేవాళ్లకు, ఊరికే టెన్షన్ పడేవాళ్లకు తేడా వాళ్లకూ తెలుసు. అయినా ఒప్పుకోకపోతే ఫైబర్ వచ్చేదాకా వారం పది రోజులు ఆఫీసుకు వెళ్లండి. బాబును చూసుకోడానికి అత్తయ్య ఉన్నారు, కష్టమే గానీ లెక్క తేలిన కష్టం.

ఫైబర్ ఖాయమైతే డబ్బు సంగతి. ప్రకటనలో 699 అని ఉంటే బిల్లు 825 వస్తుంది, 18 శాతం జీఎస్టీ ఉంటుంది కాబట్టి. ఇన్‌స్టలేషన్ ఉచితమని ఆరు నెలలు, ఏడాదికి ఒకేసారి కట్టించుకోడానికి చూస్తారు. మొదటిసారి నెలకో, మూడు నెలలకో కట్టండి. 100 ఎంబీపీఎస్ మీ ఇంటికి ఎక్కువే. అప్‌లోడ్ కూడా అంతే ఇచ్చే ప్లాన్ చూసుకోండి, 300 అంకె చూసి మురిసిపోకండి.

వైరు వేసే అబ్బాయి వచ్చిన రోజు మీరు దగ్గర నిలబడండి. రూటర్ ఎక్కడ పెట్టాలో అతను అడగడు, తలుపు పక్కనే బిగించి పోతాడు. మీ టేబుల్ ఉన్న గదిలోనే పెట్టించి లాన్ వైరుతో లాప్‌టాప్‌కు కలపండి. మూల తిప్పేచోట వైరును గోడకు అదిమి మడవనివ్వకండి, గాజు గుండ్రంగా తిరగాలి. కొంచెం వైరు చుట్టగా మిగిల్చి పెట్టమనండి, రేపు ఎక్కడైనా తెగితే అతికించడానికి పనికొస్తుంది. అతను వెళ్లేముందు ఓఎన్‌టీ పెట్టె (ఫైబర్ వైరు ఇంట్లో వచ్చి చేరే పెట్టె) మీద ఎర్ర లైటు ఆరిందో లేదో చూసి, అప్పుడు సంతకం పెట్టండి.